రెండో సిలిండరు దగ్గర

ఇంకో పావు చుట్టు తిరిగితే పొద్దుటి పని గట్టెక్కినట్టే. మేస్త్రి పొడవాటి పానాను రెండు చేతులా పట్టుకుని, పడుకున్న పసివాణ్ని ఒత్తిగిలించినంత మెల్లగా క్రాంక్ షాఫ్టును తిప్పాడు. స్టాండుకు తలకిందులుగా బిగించిన ఇంజనులో ఇనుము నూనె మీద జారుతూ కదిలింది. కదిలి, కదిలి, ఒకచోట ఆగింది. ఢీకొన్నట్టు కాదు. చీకట్లో నడిచేవాడి మోచేతికి తలుపు అంచు తగిలినట్టు, చిన్నగా. చప్పుడు కూడా రాలేదు. ఆయన అరచేతికి మాత్రం తెలిసింది.

"మళ్లీ తగలడింది," అన్నాడు ఇంజనుతో.

మొదటిసారి తగిలినప్పుడు తన చెయ్యే పొరబడిందేమోనని బోల్టులన్నీ విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. నడుం మీద చెయ్యి ఆనించి వంగి, టార్చి వేసి లోపలికి చూశాడు. రెండో సిలిండరు కింద బ్లాకు గోడకు, పోత పోసినప్పుడు ఏర్పడిన గట్టు ఒకటి ఉంది, చిటికెన వేలంత. పిస్టనునూ క్రాంకునూ కలిపే కనెక్టింగ్ రాడ్డుకు వేసిన కొత్త బోల్టు తల వచ్చి సరిగ్గా ఆ గట్టును ఒరుసుకుంటోంది. పాత బోల్టు తల ఇంత లావు ఉండేది కాదు. ఇది పాతదానికంటే గట్టిదట. అందుకని తల కూడా బలిసింది.

ఆ బోల్టులు వచ్చిన అట్టపెట్టె బల్ల మీదే ఉంది. ఏ మార్పులూ అక్కర్లేకుండా అతికినట్టు సరిపోతాయని దాని మీద బంగారు రంగు అక్షరాల్లో రాసి ఉంది. మేస్త్రి ఆ మాట కనబడకుండా పెట్టెను బోర్లా తిప్పాడు. వెనక వైపు కూడా అదే రాసి ఉంది.

కారు డ్రైవింగు నేర్పే టీచరమ్మది. పక్క సీటు దగ్గర కూడా బ్రేకూ క్లచ్చీ ఉన్న పాత కారు. ఎంతోమంది దాని మీదే చెయ్యి తిప్పుకుని, తర్వాత సొంత కార్లు కొనుక్కుని దాన్ని దాటుకుని వెళ్లిపోయారు. కాలు ఎక్కడ మోపాలో తెలియని వాళ్లందరి తొక్కుళ్లూ భరించి భరించి, చివరికి ఒకనాడు చౌరస్తా మధ్యలో నీలంపొగ వదిలి కూలబడింది. ఆ ఇంజను తయారీ కంపెనీవాళ్లు ఎప్పుడో మానేశారు. అసలు సామాను ఎక్కడా దొరకదు. అందుకని పిస్టన్లు ఒకరి దగ్గర, హెడ్డు బిగించే స్టడ్లు ఇంకొకరి దగ్గర, బోల్టులు మరొకరి దగ్గర తెప్పించారు. ఎవరికి వాళ్లు తమ వస్తువును బ్రహ్మాండంగానే చేశారు. పక్కవాడి వస్తువుతో దానికి పొసగుతుందా లేదా అని మాత్రం ఎవరూ చూడలేదు. అది చూడటానికి మేస్త్రి ఉన్నాడు. వారం రోజులుగా ఆయనకు తల ప్రాణం తోకకొస్తోంది.

ముందు పిస్టను రింగులు. సిలిండరులో పెట్టి చూస్తే వాటి కొసలు రెండూ ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. ఒక్కొక్కదాన్నీ ఆకురాయితో రాకి, సందు కొలిచి, మళ్లీ రాకాడు. తర్వాత పిస్టన్లు పాతవాటికంటే వెంట్రుకవాసి ఎత్తున్నాయి. వాటి నెత్తిన పిల్లలు ఆడుకునే రంగుమట్టి అద్ది, పాత బోల్టులతోనే ఇంజను బిగించి, ఒక చుట్టు తిప్పి, మళ్లీ విప్పి, వాల్వు ఆ మట్టిని ఎంత లోతుకు నొక్కిందో బ్లేడుతో కోసి చూసుకున్నాడు. అది నయం, సరిపోయింది. ఆ పైన స్టడ్లు పొడుగై, పైమూత కూర్చోనంది. దాన్నీ దారికి తెచ్చాడు. నిన్న సాయంత్రం ఈ బోల్టులు వచ్చాయి.

షెడ్డులో ఆయన్ని సందు మేస్త్రి అంటారు. ఏ రెండు ఇనుప ముక్కల మధ్యయినా ఉండాల్సిన సందు ఉందో లేదో చూడందే ముందుకు కదలడని ఆ పేరు. ఏదో ఇరుకు సందులో కాపురం ఉంటాడు కాబట్టి అలా పిలుస్తున్నారని కొత్తవాళ్లు అనుకుంటారు. అదీ నిజమే.

యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, మెడ ముందుకు సాగి, ఎప్పుడూ దేంట్లోకో తొంగి చూస్తున్నట్టే నిలబడతాడు. చూపుడు వేలి గోరు కింద ఏ సబ్బుకూ లొంగని నల్లగీత ఒకటి ఉంటుంది. పని చేస్తున్నంతసేపూ పెదవులు కదులుతుంటాయి. పాట కాదు, విసుగు. పానా ఉండాల్సిన చోట లేదనీ, గుడ్డలో నూలుపోగులు రాలుతున్నాయనీ, దీపం మరీ ఎక్కువ వెలుగుతోందనీ. ఇంట్లోనూ అంతే. పెళ్లయిన కొత్తలో భార్య అలమరా తలుపు సరిగ్గా పడటం లేదంటే ఒక సెలవు రోజంతా కూర్చుని దాన్ని చిత్రిక పట్టాడు. ఆ తలుపు ఇప్పటికీ గాలికి తెరుచుకుంటుంది. ఆవిడ దానికి బట్టముక్క మడిచి పెడుతుంది. ఆయన చూసినప్పుడల్లా ఆ ముక్క తీసేస్తాడు.

ఓనరు వచ్చేసరికి మేస్త్రి బోల్టులు విప్పుతున్నాడు. బిగించాల్సినవాడు విప్పుతున్నాడేమిటని ఓనరు నిలువుగుడ్లు వేశాడు. తండ్రి తర్వాత షెడ్డు చూసుకుంటున్న కుర్రాడు. చెడ్డవాడు కాదు గానీ అడిగిన ప్రతివాళ్లకీ సాయంత్రానికల్లా ఇస్తానని మాట ఇస్తాడు. టీచరమ్మకూ అలాగే ఇచ్చాడు. ఆవిడ దగ్గర నేర్చుకున్న ఇద్దరికి రేపే లైసెన్సు పరీక్ష. ఆ కారు తప్ప వేరేదాని మీద వాళ్లకు చెయ్యి ఆడదట. ఈ సంగతంతా చెప్పి, బోల్టు కాస్త రాసుకుంటే ఏమవుతుంది, నడుస్తుంటే అదే అరిగి దారిలో పడుతుంది కదా అన్నాడు.

మేస్త్రి పానా కింద పెట్టాడు.

"అరిగేదాకా ఆగదు బాబూ. తెగుతుంది. తెగిన రాడ్డు బ్లాకు బద్దలు కొట్టుకుని బయటికొస్తుంది. అదీ షెడ్డులో రాదు. నేర్చుకునే పిల్ల చేతిలో స్టీరింగు ఉన్నప్పుడు వస్తుంది."

 ఓనరు ఫోను తీసుకుని బయటికి వెళ్లాడు. సాయంత్రానికి తప్పకుండా అయిపోతుందని ఎవరితోనో చెప్పడం మేస్త్రికి వినబడుతూనే ఉంది.

గట్టును అరగదియ్యాలి. అంతకంటే దారి లేదు. దానికి బ్లాకు ఒక్కటీ మిగిలేదాకా అన్నీ ఊడదీయాలి, ఇనుప రజను ఒక్క రవ్వ ఎక్కడ దాక్కున్నా బేరింగును తినేస్తుంది. వారం రోజులు పేర్చినదాన్నంతా మేస్త్రి పళ్లు నూరుకుంటూ వరసగా విప్పి, గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టాడు. ఖాళీ బ్లాకును ట్రాలీ మీదకెత్తి, గోడ అవతల ఉన్న లేతు గదికి తోసుకుపోయాడు.

అక్కడ ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసేవాణ్ని అందరూ లేతాయన అంటారు. ముదిరి మూలకు చేరే వయసొచ్చినా ఇంకా లేతాయనేనని ఒక హాస్యం. దాన్ని అందరికంటే ఎక్కువసార్లు చెప్పేది ఆయనే. పొట్టిగా, గుండ్రంగా, తీరిగ్గా ఉంటాడు. ఇనుప చువ్వ చేతికిచ్చినా ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, అప్పుడు మిషనుకు పెడతాడు. ఆ తట్టడం చూస్తే మేస్త్రికి ఒళ్లు మండుతుంది.

లేతాయన ఆయనకు వియ్యంకుడు కూడా.

అది వాళ్లు కుదుర్చుకున్నది కాదు. ఒకే గోడకు అటూ ఇటూ పనిచేస్తూ ఇద్దరూ ఇరవయ్యేళ్లపాటు ఏరా అంటే ఏరా అనుకుని బతికారు. ఒకరి క్యారేజీ ఒకరు తిన్నారు. నాన్నలకు మధ్యాహ్నం ఆ క్యారేజీలు తెచ్చే దారిలో మేస్త్రి కూతురూ లేతాయన కొడుకూ తమంతట తామే ఒక మాట అనేసుకున్నారు. ఆ సంగతి తండ్రులకు అందరికంటే ఆఖర్న తెలిసింది. పెళ్లిలో ఎవరో పెద్దావిడ, వియ్యంకులు ఇలా రా, పో అనుకుంటే పిల్ల కాపురానికి గౌరవంగా ఉండదని ఇద్దరినీ మందలించింది. ఆనాటి నుంచి మీరు, బావగారూ అనడం మొదలుపెట్టారు. మేస్త్రికి అది ఇప్పటికీ బిగుతు చెప్పులాగే ఉంటుంది. మీరు అని మొదలుపెడితే తిట్టు సగం దారిలోనే చల్లారిపోతుంది. అందుకే బావగారూ అనే మాటను ఎన్ని రకాలుగా కొరుక్కు తినవచ్చో అన్ని రకాలుగానూ పలకడం నేర్చుకున్నాడు.

వాళ్లిద్దరికీ కలిపి ఒక మనవడు. మేస్త్రిని కోపం తాత అనడం వాడికి నేర్పింది లేతాయనే. తనను మాత్రం లేత తాత అని పిలిపించుకుంటాడు.

లేతాయన బ్లాకును బల్ల మీద బోర్లా పెట్టించుకుని, గట్టు మీద వేలితో రాసి, కణుపుతో తట్టి, వెనక్కి జరిగి, మళ్లీ తట్టాడు.

"తట్టింది చాలు. తలుపు తీసేవాళ్లెవరూ లేరు లోపల," అన్నాడు మేస్త్రి.

లేతాయన నవ్వి గ్రైండరు అందుకున్నాడు. ఆ గట్టు వెనకాలే నీళ్లు పారే దారి ఉందనీ, పోత ఎక్కడ పల్చబడిందో పైకి తెలియదనీ, చిల్లు పడిందంటే బ్లాకు పాత ఇనుముకు తప్ప పనికిరాదనీ చెప్పాడు. అది మేస్త్రికి తెలియనిది కాదు. తెలిసిన సంగతి ఇంకొకరి నోట వింటే ఆయనకు మరీ చిరాకు. ఎప్పుడూ తాను ఇతరులకు చెప్పే జాగ్రత్తలు ఇవాళ తనకే చెబుతున్నారు.

మొదటి విడత అయ్యాక బ్లాకు కడిగి, షెడ్డుకు తెచ్చి, క్రాంకునూ ఆ ఒక్క రాడ్డునూ బిగించి తిప్పాడు. ఇప్పుడు తగలడం లేదు గానీ సందు చాలదు. ఇంజను వేడెక్కి పరిగెత్తేటప్పుడు ఇనుము సాగుతుంది. ఆ సాగుడుకు కూడా చోటుండాలి. మేస్త్రి దగ్గర దీనికో పద్ధతి ఉంది. కాగితాలకు పెట్టే క్లిప్పును నిటారుగా సాగదీస్తాడు. ఆ తీగ సందులో దూరి హాయిగా బయటికొస్తే సరి. దూరడానికి మొండికేస్తే మళ్లీ పనే. తీగ కొస కూడా దూరలేదు. మళ్లీ విప్పాడు. మళ్లీ ట్రాలీ.

"బావగారూ, గట్టును అరగదీశారా, నిమిరి వదిలేశారా?"

"వెనకాల నీళ్లదారి ఉంది కదండీ. చిల్లు పడితే అప్పుడు మీరే అంటారు."

"ఇప్పుడూ అంటూనే ఉన్నాను."

రెండో విడత కూడా అంతే. తీగ కొస దూరింది, నడుం దగ్గర ఆగిపోయింది. ట్రాలీ చక్రం ఒకటి గుమ్మం దగ్గర ఇరుక్కుంటే మేస్త్రి దాన్ని తన్నాడు. తన్నిన కాలు నొప్పి పుట్టింది. అప్పటికి మధ్యాహ్నమైంది. అందరూ అన్నాలకు లేచారు.

ఇద్దరూ లేతు గది మెట్టు మీద కూర్చుని తినడం అలవాటు. మేస్త్రికి క్యారేజీ ఆయన భార్య కడుతుంది. లేతాయనకు కోడలు, అంటే మేస్త్రి కూతురు, పొద్దున్నే లేచి వండి పంపిస్తుంది. ఎవరింటి కూర బాగుందన్నది రోజూ తేలని తగువు. ఇవాళ లేతాయన క్యారేజీ మూత తియ్యలేదు. గోడకు చేరగిలబడి, ఎడమ భుజాన్ని కుడి చేత్తో పిసుక్కుంటూ మేస్త్రి తింటుంటే చూస్తున్నాడు.

ఎందుకు తినడం లేదని మేస్త్రి అడిగాడు. పొట్టలో గ్యాసు పట్టేసిందనీ, సాయంత్రం తింటాననీ అన్నాడు లేతాయన. పొద్దున్నుంచి గ్రైండరు పట్టుకుని పట్టుకుని భుజం కూడా లాగుతోందన్నాడు. గ్రైండరును పీక పిసికినట్టు పట్టుకుంటే లాగక ఏం చేస్తుందని మేస్త్రి కసిరాడు. తెల్లవారుజామున లేచి వండిన పిల్లకు నిండు క్యారేజీ తిరిగిస్తే ఏమనుకుంటుందని కూడా అడిగాడు. లేతాయన సరేనని మూత తీసి, రెండు ముద్దలు తిని, మళ్లీ పెట్టేశాడు.

"ఈ ఇంజను అయిపోతే ఇద్దరం రెండ్రోజులు పని మానేద్దాం బావగారూ. పిల్లాణ్ని తీసుకుని ఎటైనా పోదాం. వాడికి రైలు చూపించాలి."

"ఈ జన్మలో అయితే కదా," అన్నాడు మేస్త్రి క్యారేజీ కడుక్కుంటూ.

మధ్యాహ్నం మొదలైన మూడో విడత ఎంతకీ తెమలలేదు. గోడ అవతల గ్రైండరు కాసేపు మోగడం, ఆగడం, మళ్లీ మోగడం. ఇంత చిన్న గట్టుకు ఇంతసేపేమిటో మేస్త్రికి అంతుబట్టలేదు. ఈలోగా క్రాంకును కిరసనాయిల్లో కడిగాడు. ఇంకోసారి కడిగాడు. బోల్టులను తలలు ఒకవైపు వచ్చేలా పేర్చాడు. ఓనరు రెండుసార్లు వచ్చి గుమ్మంలోంచే తొంగి చూసి పోయాడు. ఆ తొంగిచూపుకు ఒక మాట అందామని మేస్త్రి నోరు తెరిచేలోగానే మాయమయ్యాడు.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చే వేళకు టీచరమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. గొంతు ఎప్పుడూ ఒకే తీరున, నింపాదిగా ఉంటుంది. కొత్తవాళ్ల పక్కన కూర్చుని కూర్చుని వచ్చిన గొంతు అది. ఎదుటివాళ్లు గొంతు పెంచితే ఆవిడ కుడికాలు దానంతటదే నేలను నొక్కుతుంది. బల్ల మీద పరిచిన ఇంజను ముక్కలు చూసి ఆవిడ గుమ్మంలోనే ఆగింది. ఓనరు పక్కనే నిలబడి, ఇంకో గంటలో ఇదంతా లోపలికి వెళ్లిపోతుందని నవ్వుతూ చెప్పాడు.

మేస్త్రి చేతిలోని గుడ్డను బల్ల మీదకు విసిరాడు. గంటలో కాదు, ఇవాళ కాదు, రేపు కూడా చెప్పలేనని అన్నాడు. బోల్టు సంగతి, గట్టు సంగతి, నీళ్లదారి సంగతి, తయారుచేసినవాళ్ల సంగతి, ఆ పెట్టె మీది బంగారు అక్షరాల సంగతి అన్నీ ఏకబిగిన చెప్పాడు. చెబుతున్నంతసేపూ టీచరమ్మ కాలు నేలను నొక్కుతూనే ఉంది.

"సరే మేస్త్రి గారూ," అంది ఆయన ఆగాక. "మీరు అయిందంటే అయినట్టు, కాలేదంటే కానట్టు. పరీక్ష ఇంకో రోజు పెట్టించుకుంటారు. తొందరేం లేదు."

 పొద్దున్నుంచి పోట్లాటకు సిద్ధంగా ఉన్న మేస్త్రికి అవతల ఎవరూ లేకుండా పోయారు. ఓనరు వైపు చూశాడు. ఓనరు పైకప్పు వైపు చూశాడు. ఈ మాట పొద్దున్నే అడిగి తెలుసుకుని ఉంటే ఇంత రభస ఉండేది కాదు కదా అని మేస్త్రి అనుకున్నాడు. గ్రైండరు మోత ఆగి అప్పటికే చాలాసేపైందని కూడా అప్పుడే గమనించాడు. లేతాయన టీ తాగుతూ కూర్చుని ఉంటాడు. తొందర లేదని చెబుదామని గోడ అవతలికి నడిచాడు గానీ, గుమ్మంలో అడుగు పెట్టేసరికి నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"ఏం బావగారూ, గ్రైండరుతో పాటు మీరూ ఆగిపోయారా?"

లేతాయన చెక్కపెట్టె మీద కూర్చుని, వీపు గోడకు ఆనించి, తల కాస్త పక్కకు వాల్చి ఉన్నాడు. గ్రైండరు స్విచ్చి తీసేసి, దాన్ని బల్ల మీద ఎప్పుడూ పెట్టే చోటే పెట్టాడు. అద్దాలు నుదుటి మీదకు తోసుకున్నాడు. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. మేస్త్రి ఆయన్ని దాటుకుని బ్లాకు దగ్గరికి వెళ్లి, వేలు లోపలికి పెట్టి గట్టును తడిమాడు. ఒంపు తిరిగి నున్నగా ఉంది.

"ఇది. ఇది కదా నేను పొద్దున్నుంచి అడుగుతున్నది," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. ఈ పాటి పనికి మూడు విడతలు కావాలా, నా నడుం విరిగింది, ఆ ట్రాలీ చక్రం విరిగింది, టీచరమ్మ వచ్చి కూర్చుంది, ఆవిడ మంచిది కాబట్టి సరిపోయింది అని ఇంకా చాలా అన్నాడు. వాటన్నిటికీ ఒక్క నవ్వు కూడా రాకపోయేసరికి తిరిగి చూశాడు.

లేతాయన కళ్లు సగం తెరిచి ఉన్నాయి. కింది రెప్ప లోపల ఇనుప రజను మెరుస్తోంది. అయినా రెప్ప ఆడటం లేదు.

 మేస్త్రి వంగి, నూనె చేత్తోనే ఆయన భుజం పట్టుకున్నాడు.

"ఏరా," అన్నాడు. "ఏరా, లెగు."

ఓనరు కారులో తీసుకుపోయారు. టీచరమ్మే నడిపింది. వెనక సీట్లో మేస్త్రి ఒళ్లో లేతాయన తల ఉంది. ఆవిడ ఎక్కడా గట్టిగా బ్రేకు వెయ్యలేదు. ఒక్క మలుపులో కూడా ఆ తల జారలేదు. ఆసుపత్రిలో పడుచు డాక్టరు చూసి, ప్రాణం పోయి చాలాసేపైందన్నాడు. పొద్దుట్నుంచి భుజం నొప్పి గానీ కడుపులో ఇబ్బంది గానీ ఉందన్నాడా అని అడిగాడు. మేస్త్రి ఉందన్నట్టు తలూపాడు. 

కూతురికి ఫోను చెయ్యాలి. నూనె పట్టిన వేలిని ఫోను గుర్తుపట్టలేదు. చొక్కాకు తుడిచాడు. చొక్కాకూ నూనే. మళ్లీ నొక్కాడు, మళ్లీ కాదంది. ఆ అద్దపు ముక్కను గోడకేసి కొడదామన్నంత కోపం వచ్చింది. టీచరమ్మ ఆయన చెయ్యి తీసుకుని, తన చేతిరుమాలుతో ఆ వేలిని చిన్నపిల్లల ముక్కు తుడిచినట్టు తుడిచింది.

ఆయన పనివేళల్లో ఎప్పుడూ ఫోను చెయ్యడు. అందుకే అవతలి నుంచి కూతురు ముందు అడిగింది.

"ఎవరితోనైనా గొడవ పడ్డావా నాన్నా?"

"లేదమ్మా," అన్నాడు. "మీ మామయ్యా, నేనూ ఆసుపత్రిలో ఉన్నాం. మీ ఆయన్ని తీసుకుని రా."

చెయ్యవలసినవన్నీ జరిగిపోయాయి. ఆ రోజుల్లో మేస్త్రి ఎవరినీ విసుక్కోలేదు. కుర్చీలు తెచ్చినవాడు తక్కువ తెచ్చినా, అల్లుడు బంధువులకు దారి తప్పు చెప్పినా ఊరుకున్నాడు. అలమరా తలుపుకు పెట్టిన బట్టముక్క అలాగే ఉంది. దాన్ని చూసి ఆయన భార్యకు భయం వేసింది.

మళ్లీ పనికి వెళ్లిన రోజున, కావాలంటే ఆ ఇంజనును ఇంకెవరి చేతనైనా బిగింపిస్తానని ఓనరు అన్నాడు. మేస్త్రి లేతు గదిలోంచి బ్లాకును తోసుకొచ్చాడు. వేడినీళ్లతో కడిగాడు, గాలి కొట్టాడు, తెల్లబట్టతో తుడిచి ఆ బట్టను వెలుతురులో పెట్టి చూశాడు. ఒక్క రవ్వ రజను కూడా అంటలేదు. క్రాంకు పడుకోబెట్టి, రాడ్డులన్నీ వేసి, పొడవాటి పానాతో తిప్పాడు. రెండో సిలిండరు దగ్గర తీగ పెట్టాడు. హాయిగా దూరి బయటికొచ్చింది.

అలవాటుకొద్దీ మూడోదాని దగ్గర కూడా పెట్టాడు. అక్కడా దూరింది. టార్చి వేసి వంగి చూశాడు. మూడో సిలిండరు కింది గట్టు కూడా అరగదీసి ఉంది. మొదటిదీ, నాలుగోదీ కూడా. నాలుగూ ఒకే ఒంపున, ఒకే నునుపున ఉన్నాయి. ఆ మిగతా మూడింటిని చెయ్యమని మేస్త్రి చెప్పలేదు. రెండోదాన్ని వదిలించుకునే ఆత్రంలో వాటి సంగతి ఆయనకు తోచనేలేదు. ఆ మధ్యాహ్నం అంతసేపు గ్రైండరు మోగింది అందుకు.

మేస్త్రి తీగ పట్టుకుని మళ్లీ మొదటి నుంచి వచ్చాడు. ఎక్కడో ఒకచోట ఎక్కువో తక్కువో ఉండి తీరాలని వెతికాడు. ఒంపు ఒకచోట కాస్త లోతైందేమోనని గోటితో రాసి చూశాడు. వెనక నీళ్లదారిలో నీళ్లు నింపి, పొడిబట్ట పరిచి, చెమ్మ కోసం పొద్దుగుంకేదాకా కాచుకున్నాడు. బట్ట పొడిగానే ఉంది. ఒక్క మాట అనడానికి, ఒక్క తిట్టు తిట్టడానికి ఎక్కడా చోటివ్వలేదు వాడు. అదే భరించలేకపోయాడు. పానా బల్ల మీద పడేసి, స్టాండు పక్కన చతికిలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. ఓనరు వచ్చి, చూసి, వచ్చినంత మెల్లగా వెళ్లి షెడ్డు ముందు తలుపు దగ్గరగా వేశాడు.

మర్నాడు ఇంజను కారులోకి ఎక్కింది. తాళం తిప్పగానే అందుకుంది. మేస్త్రి బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఏదీ దేనికీ తగలడం లేదు. ఎలా ఉందని టీచరమ్మ అడిగింది.

"ఏమీ అనడానికి లేదమ్మా," అన్నాడు.

ఆవిడ కారును మెల్లగా వెనక్కి తీసి, రోడ్డెక్కించి, వెళ్లిపోయింది. మలుపు తిరిగేదాకా ఆ చప్పుడును వింటూ నిలబడ్డాడు. తర్వాత లేతు గదిలో కిటికీ తెరిచే ఉందని గుర్తొచ్చి, మూసి వద్దామని వెళ్లాడు. మిషను మీద ఎవరో గోనెపట్టా కప్పారు. కిటికీ రెక్కలు వేసి, గడియ పెట్టి, తలుపు లాగబోతే, తలుపు వెనక గోడకు మేకు కనిపించింది. ఆ రోజు లేతాయన్ని పనిబట్టల్లోనే తీసుకుపోయారు. ఇంటికి వేసుకెళ్లే చొక్కా ఇంకా ఆ మేకుకే ఉంది, లేత నీలంది, ఇస్త్రీ మడత నలక్కుండా, పై గుండీ ఒక్కటే పెట్టి, జేబులో దువ్వెన పళ్లు కాస్త బయటికి కనబడుతూ.